కాటుకాకు

నేలమాన్పరి యంత్రం ఆ ఉదయం శ్మశానం గేటు దాటింది. నగరంలో గునపం పడ్డ చోటల్లా అది పసిగట్టి వస్తుంది, మట్టిని చదును చేసి సాయంత్రానికల్లా పచ్చిక పరుస్తుంది. నగరానికి గాయాలుండకూడదట. సమాధులకూ అదే న్యాయం.

వానలకు యంత్రం మూలపడ్డ నెలలోనే సారక్క, వీర్రాజుల పసిబిడ్డ పోయింది. పసివాళ్ళను కాల్చరు కదా, పూడ్చారు. రాయి పెట్టనివ్వలేదు. అయితే తవ్విన మట్టిలో ఏ కాలపు విత్తనమో నిద్ర లేచి, చిన్న చామంతిలాంటి తెల్లపూలు పూసింది. బిడ్డ ఉన్న చోటు చెప్పడానికి ఇక ఆ మొక్క ఒక్కటే మిగిలింది.

ఈ గడ్డమీద పుట్టిన మొక్కను యంత్రం ముట్టుకోదు. కానీ తవ్విన నేలే మిగలని నగరంలో దాన్ని చూసిందెవరు? యంత్రానికున్న, మొక్కల పేర్లు చెప్పే పేరుపలక ఆ పూలను చూసి, పేరు తెలియదంది. ఇద్దరు మనుషులు విడివిడిగా ఒకే పేరు చెబితే, ఈ గడ్డదేనని నమ్మి వదిలేస్తానంది.

సారక్కకు ప్రాణం లేచి వచ్చింది. బిడ్డ పుట్టినప్పుడు పుట్టింటి నుంచి ఆ ఆకే తెప్పించి, పసరులో గుడ్డ తడిపి ఎండబెట్టి, ఆముదపు దీపంలో వెలిగించి బిడ్డకు కాటుక పట్టింది. వీర్రాజుకూ అది కొత్త కాదు. వాళ్ళ గోదావరి కాలవగట్ల మీద కోసుకొచ్చి నాయనమ్మ తలనూనె కాచేది. ఒక ఆకు పేరు ఒకరినొకరు అడగాలని ఇద్దరికీ తోచలేదు. శ్మశానం కావలివాళ్ళు ఇద్దరినీ చెరో గదిలో ఉంచారు.

"కాటుకాకు" అంది సారక్క.

అవతలి గదిలో వీర్రాజు, "గుంటగలగర" అన్నాడు.

సాక్ష్యాలు కలవలేదంది పలక. రెండూ ఒకటేనని ఇద్దరూ మొత్తుకున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మొదట చెప్పిన మాటే చెల్లుతుందట. సారక్క పరుగెత్తి మొక్క మీద బోర్లా పడుకుంది. కావలివాళ్ళు ఆమెను లేపి గేటు దగ్గర కూర్చోబెట్టారు.

సాయంత్రానికి ఎటు చూసినా ఒకటే పచ్చిక. కావలివాళ్ళలో పెద్దాయన మంచివాడే. లోపలికి రండమ్మా, గడ్డిమీద నడవొచ్చు అన్నాడు. వీర్రాజు నాలుగడుగులు వేశాడు. సారక్క చెప్పులు చేతబట్టుకుని అంచునే ఆగిపోయింది.

"నా బిడ్డ ఏడున్నదో ఎరుకైతలేదు. ఏడ అడుగెయ్యాలె, అన్నా?"

ఆ మాట విన్న వీర్రాజు, ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.