ఆపరేషన్ మసి

"టార్గెట్ ఎవరు సార్?"

"మబ్బులు."

గోవిందరావు ఫోన్ రిసీవర్‌ని ఓసారి ఎగాదిగా చూశాడు. చీఫ్ జోకులేసే మనిషి కాదు.

ఏజెంట్ 27 అతను. ఖరగ్‌పూర్ లోకో షెడ్‌లో మాత్రం ఫిట్టర్. కవర్ చెడకూడదని న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్‌లో ఎవరితోనూ కలవకుండా మూడేళ్లుగా ఒక్కడే ఉంటున్నాడు. చీఫ్ కసురుకునే ఫోన్ కోసం కూడా ఎదురుచూసే స్థితికొచ్చాడు పాపం.

"ఊరి చివర మూతబడ్డ ఇటుకబట్టీలో విదేశీ ముఠా. చుట్టూ తుపాకులు. మన బలగం రేపటికి గానీ రాదు. కాంటాక్ట్‌ని కలువు. ఓవర్."

కాంటాక్ట్ ప్లాట్‌ఫాం మీద ఉంది. నల్లకళ్లద్దాలు, ఎర్ర జార్జెట్ చీర. పేరు దేవమణి. జీతం ముఠాది, విశ్వాసం మనది. అలాగని ఆమె చెప్పిందే.

"దాదా, సుక్క రాలతాదేటి?"

"మబ్బునడగాల."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "బట్టీలో మెషీనెట్టి, గొట్టంలోంచి గేస్ ఒదుల్తన్నారు. ఎండ తగిలితే అది కంటికానని రేణువులౌతాది. అవి పెరిగి మబ్బులోకెక్కితే, ఉన్న నీరంతా కోట్ల రేణువులు పంచీసుకుంటాయి. ఏ సుక్కా బరువెక్కదు, వాన పడదు. సాయంత్రం మబ్బు కురవకుండా ఎల్లిపోయిందా, క్లబ్బులో కూకుని సూసే మెషీన్ కొనేవోడు సంతకం ఎట్టీస్తాడు. ఇక ఆ మెషీన్ మన వరిసేల మీదే."

"ఆపేదెలా?"

"పసిరేణువులు పెరగాలంటే గాలి శుభ్రంగా ఉండాల. పెద్ద మసి ఎదురైతే దానికంటుకుని మాయమైపోతాయి."

ఎవరికీ అంటుకోకపోతేనే పెరిగేవి కూడా ఉంటాయా అనుకున్నాడు గోవిందరావు. తను మాత్రం ఈ మూడేళ్లలో తరిగిపోయాడు.

షెడ్‌లో చార్జ్‌మేన్ తీతుని పట్టుకున్నాడు. "ఇంజన్లన్నీ ఒకేసారి నల్లపొగ ఊదాలి. మధ్యాహ్నం దాకా."

"ఏటి? సాహెబు సూస్తే సస్పెండే. ఎందుకూ?"

"చెప్పలేను."

తీతు అతని మొహంలోకి చూశాడు. "మూడేళ్లలో నువ్ నోరిప్పి అడిగింది ఇదొక్కటే. ఠీక్ హై."

షెడ్‌లోని ఇంజన్లన్నీ పొగ కక్కాయి. పొగ గాలివాటున బట్టీ మీదుగా ఊరంతా కమ్మేసింది. గోవిందరావు టిఫిన్ క్యారియర్ తెరిచాడు. పైగిన్నెలో పప్పు, అడుగు గిన్నెలో పసిరేణువుల్ని లెక్కపెట్టే పార్టికల్ కౌంటర్. ముల్లు దిగుతోంది.

సాయంత్రం. క్లబ్ వరండా. మబ్బు ఊరు దాటిపోతోంది. గోవిందరావు బేరర్ వేషంలో ట్రే పట్టుకుని నిలబడ్డాడు. కొనేవాడు నవ్వి, పెన్ను మూత తీసి, కాగితాన్ని రెయిలింగ్ మీద పరిచాడు. నిబ్ ఆనింది.

టప్‌మని ఓ చుక్క. సిరా అలుక్కుపోయింది. ఆ వెంటనే కుండపోత.

అతను కాగితం నలిపి పారేసి కారు వైపు పరిగెత్తాడు. దేవమణి అతనికి గొడుగు పట్టింది. గోవిందరావు వైపు ఒక్కసారీ చూడలేదు. చూడకూడదు, రూలది. అయినా అతనికి బాధేసింది.

తడిసి ఇల్లు చేరేసరికి పక్కింటి జోగమ్మ గుమ్మంలో కాచుకుని ఉంది, చేతిలో నల్లబడ్డ దుప్పటి.

"ఏటయ్యా, మీ సెడ్డోళ్లకి కళ్లు కానరావా? ఉతికినవన్నీ మసి సేసీనారు. ఆనకి ఆ మసంతా గుడ్డలకి పట్టీసింది. మాటాడవేటి? నోట్లో బెల్లమెట్టుకున్నావా?"

ఏజెంట్ 27 వానలో అలాగే నిలబడి వింటున్నాడు. సారీ మాత్రం చెప్పలేదు. చెబితే ఆపేస్తుందేమోనని భయం.