కుక్క లేని ఇంట్లో కుక్క వాసన

బ్రిటా దొంగచాటుగా కుక్కను పెంచుతోందని కింది వాటాలో ఉండే ఇంటి ఓనరావిడ హాల్వర్సన్ గారికి గట్టి నమ్మకం. నిజానికి బ్రిటా పెంచుతున్నది కిటికీలో ఒక్క పూలమొక్క. వాసనంతా, ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్మే గరాజ్ సేల్‌లో ఆమె కొన్న పాత వాక్యూమ్ క్లీనర్‌ది. స్విచ్ వేస్తే చాలు, వానలో తడిసిన కుక్క ఇల్లంతా తిరిగి సోఫా ఎక్కినట్టు ఉండేది. కార్పెట్ శుభ్రపడేది గానీ ముక్కు మూసుకోవాల్సి వచ్చేది.

అమెరికాలో సరస్సు ఒడ్డునున్న ఈ డులూత్ ఊరి జనానికి ఒక జబ్బుంది. ఎదుటివాళ్లు నొచ్చుకునే మాట నోట రాదు. తమ కాలు తొక్కినవాడికి తామే సారీ చెప్పి పక్కకు జరుగుతారు. బ్రిటాకు ఆ జబ్బు బాగా ముదిరింది.

కొన్న మర్నాడే వాక్యూమ్‌ని కారులో వేసుకుని, ముఖాన కొట్టి వద్దామని బయల్దేరింది. అమ్మినవాడి పేరు ఆర్లో కంగాస్. ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. తలుపు తీసి నవ్వాడు. అతని వెనక దూడంత నల్లకుక్క, పేరు పికిల్, అదీ నవ్వినట్టే పెట్టింది మొహం. దారంతా వల్లెవేసుకున్న మాటలు బ్రిటా గొంతులోనే ఉండిపోయాయి. వాక్యూమ్ చాలా బాగుందనీ, థాంక్స్ చెబుదామని వచ్చాననీ అంది. అతను పొంగిపోయి, తను చేసిన నిమ్మకాయ కేకు ముక్కలు ఒక ప్లేటు నిండా పెట్టిచ్చాడు.

ఆ ఊళ్లో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి ఇవ్వరు. ప్లేటు ఇవ్వడానికి వెళ్తూ బ్రిటా తన గిన్నెలో యాపిల్ పై చేసి పట్టుకెళ్లింది. ఆ గిన్నె పొగబెట్టిన చేపలతో తిరిగొచ్చింది. చేపల బాకీ తీర్చడానికి మరో డబ్బా వెళ్లింది. మాట "మీరు" నుంచి "నువ్వు"లోకి దిగింది. వేసవంతా ఇలాగే నడిచింది. ఇద్దరూ కాస్త ఒళ్లు చేశారు. వాసన మాత్రం ఉన్నచోటే ఉంది.

ఒక సాయంత్రం హాల్వర్సన్ గారు మెట్ల మీద దారికి అడ్డంగా నిలబడింది.

"శనివారం పైకొచ్చి చూస్తానమ్మాయ్. కుక్క ఉందో, ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే. నాకు కుక్క గాలి తగిలితే ఒళ్లంతా దద్దుర్లు."

కిటికీలోంచి సరస్సు కనిపిస్తుందనే బ్రిటా ఊరంతా గాలించి ఆ వాటా పట్టింది. ఆ ఇల్లు పోతే అలాంటిది మళ్లీ దొరకదు. గొడుగు కూడా మరిచి, చేతిలో గిన్నెకు బదులు వాక్యూమ్‌తో, వానలో ఆర్లో ఇంటికి పరుగెత్తింది.

"నీ వాక్యూమ్ కంపు కొడుతోంది," అంది.

"తెలుసు," అన్నాడు ఆర్లో.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు మొదటిసారి వచ్చినప్పట్నుంచి. థాంక్స్ చెప్పడానికి ఎవరైనా వాక్యూమ్‌ని వెంటేసుకొస్తారా? కారు వెనక సీట్లో కూర్చోబెట్టావు, బెల్టు కూడా పెట్టావు."

"మరి నోరు విప్పలేదేం?"

"విప్పితే వెనక్కి తీసుకోవాలి. ఆ తర్వాత నువ్వెందుకొస్తావు?"

బ్రిటాకు ఒళ్లు మండింది. నా ఇల్లు పోతుంటే నీకు సరసాలా అని కడిగేసింది. ఆర్లో చొక్కా చేతులు మడిచి వాక్యూమ్‌ని వరండాలో విప్పాడు. దుమ్ము సంచి బయట పారేశాడు. బ్రష్‌కి చుట్టుకున్న వెంట్రుకలు కత్తెరతో కోస్తే ఇంకో కుక్కపిల్లకు సరిపడా వచ్చాయి. అవి తన ఆస్తే అన్నట్టు పికిల్ పక్కనే కూర్చుంది. గొట్టాన్ని గోరువెచ్చని సబ్బునీళ్లతో, తర్వాత వెనిగర్ కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టాడు. కొత్త ఫిల్టర్, కొత్త సంచి వేశాడు. సంచిలోకి కాస్త వంటసోడా పీల్పించాడు.

అతని మోచేతుల దాకా అంటిన నురగ చూస్తుంటే బ్రిటాకు కోపం నిలవలేదు. తను ఇన్నాళ్లూ నోరు మెదపనిది మొహమాటం వల్ల కాదని అప్పుడు తెలిసింది. చెప్పేస్తే తనకూ రావడానికి సాకు ఉండదు. ఈ మనిషంటే ఆమెకు ఇష్టం, అంతే.

శనివారం ఆర్లో ఆరిన గొట్టం తెచ్చి బిగించడానికి బ్రిటా ఇంటికి వచ్చాడు. కుక్క వెంట్రుకలు అంటిన బట్టలు కాకుండా ఉతికినవి వేసుకున్నాడు. హాల్వర్సన్ గారు మంచం కిందా, అల్మారాలోనూ వాసన చూసింది. వాక్యూమ్ వేయించి దాని మీదికీ వంగింది. వెనిగర్ ఘాటు తప్ప ఏమీ లేదు. పాపం, ఆవిడ ముఖం ఎర్రబడింది.

"తప్పుగా అనుకున్నానమ్మా. నీకిష్టమైనన్నాళ్లు ఉండు."

బ్రిటా కిటికీలోంచి సరస్సు వంక కాసేపు చూసింది.

"మీ దయండీ. కానీ వచ్చే నెల ఖాళీ చేస్తాను."

"నా మీద కోపమా?"

"అయ్యో, లేదండీ. పెళ్లి చేసుకుంటున్నాను. ఆయనకు కుక్క ఉంది."

హాల్వర్సన్ గారు గుమ్మం వైపు తిరిగింది. చేతిలో గొట్టంతో ఆర్లో కొయ్యబారిపోయి ఉన్నాడు.

"నిజమేనా బాబూ?"

"నాకూ ఇప్పుడే తెలిసిందండీ," అన్నాడు ఆర్లో. "నిజమే."