రేవు దగ్గర జనం లెక్క

ఆనకట్ట నీళ్ళు పాత రోడ్డును మింగేసిన చోట, ఒడ్డున ఒక రేకుల షెడ్డు ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఇంజనీరమ్మ అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన స్టూలు మీద, రాకపోకల లెక్క రాసే ముసలాయన. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. ముప్పై ఏళ్ళుగా రోడ్ల పక్కన కూర్చుని బళ్ళనీ మనుషులనీ లెక్కపెట్టడమే ఆయన పని. “నిద్రలో కూడా నా చెయ్యి గీతలు గీస్తుందమ్మా,” అని నవ్వుతుంటాడు.

ఇక్కడ వంతెన అవసరమో కాదో మళ్ళీ తేల్చమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఆ ‘మళ్ళీ’ అన్న మాటే ఆమెను ముల్లులా గుచ్చుతోంది. నాలుగేళ్ళ కిందట ఆనకట్ట చుట్టూ రోడ్లూ వంతెనలూ ఎక్కడెక్కడ వెయ్యాలో ప్లాను గీసింది తనే. ఈ రేవు దగ్గరికొచ్చేసరికి ‘దాటేవాళ్ళు లేరు, వంతెన అక్కర్లేదు’ అని ఒక్క ముక్క రాసి పడేసింది. వచ్చి చూసిన పాపాన పోలేదు. నీళ్ళు నిండాక అవతలి ఊరివాళ్ళు తెప్ప కట్టుకున్నారు. పోయిన వానల్లో అది తిరగబడింది. పదిమంది పోయారు. అందరూ పనికి బయల్దేరిన పెద్దవాళ్ళేనని కాగితాల్లో ఉంది.

ఇప్పుడా తెప్ప కూడా లేదు. ఈసారైనా వంతెన కావాలని రాద్దామంటే, దాటేవాళ్ళని ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించాలి?

మబ్బు దిగింది. నీళ్ళ మీద వెలుతురు బూడిదరంగుకి తిరిగింది. మురిగిన ఆకుల వాసనతో పాటు, ఆరని గుడ్డల ముక్కిన వాసన కూడా షెడ్డులోకి వచ్చింది. చినుకు మొదలవగానే గొంతు చించుకుంటున్న కప్పలు ఠక్కున ఆగిపోయాయి.

బాబాయ్ పెన్సిలు గరగరమంది. ఒక గీత. కాసేపటికి ఇంకోటి.

“ఏం రాస్తున్నారు బాబాయ్?”

“వస్తున్నారు కదమ్మా.”

“ఎవరు?”

ఆయన తలెత్తలేదు. గొంతు తగ్గించాడు. “మెల్లిగా అనండి... తడిసిపోయి ఉన్నారు పాపం.”

ఆమె రేవు వైపు చూసింది. ఎవరూ లేరు. నీళ్ళు, నీళ్ళ మీద చినుకులు. అంతే. కళ్ళు కిందికి దించింది.

గచ్చు మీద తడి అడుగులు.

జల్లు లోపలికి కొట్టలేదు. అయినా అడుగులు... ఒక జత వెనక ఒక జత. నీళ్ళలోంచి వచ్చి, ఆమె కుర్చీ ముందు ఆగిపోయాయి. వేళ్ళన్నీ ఆమె వైపే.

పెన్సిలు గరగర. ఏడు... ఎనిమిది.

“బాబాయ్... లేవండి. పోదాం.”

“ఇంకా ఇద్దరున్నారమ్మా.”

“ఏ... ఏమంటున్నారు?”

“దాటేవాళ్ళు లేరన్నారట కదా మీరు...” ఆయన కళ్ళు రెప్ప వెయ్యడం లేదు. “చూసుకోమంటున్నారు.”

ఆమె ఆయన రెక్క పట్టుకుని వానలోకి లాక్కొచ్చి జీపెక్కించింది. మలుపు తిరిగాక గానీ ఆయన ఈ లోకంలోకి రాలేదు. ఒళ్ళోని కాగితం చూసుకుని అయోమయంగా అడిగాడు. “ఈ పది గీతలూ ఎవరు గీశారమ్మా?”

ఆమె ఆ కాగితం లాక్కుని మడిచి పెట్టుకుంది.

తిన్నగా ఆఫీసుకే వెళ్ళింది. ‘ఇక్కడ వంతెన కావాలి. అప్పట్లో తప్పు రాసింది నేనే,’ అని రాసి, కింద సంతకం పెట్టింది. నాలుగేళ్ళ బరువు గుండె మీంచి దిగినట్టనిపించింది.

వీధి దీపాలు వెలిగే వేళకి ఇల్లు చేరింది. అమ్మ తలుపు తీసింది.

“తడిసి ముద్దయ్యావు కదే!” అంటూ పక్కకి తప్పుకుంది.

ఆమె చెప్పులు విప్పి, కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంది. తలుపు వేసిన చప్పుడు ఎంతకీ రాలేదు. తిరిగి చూసింది. అమ్మ తలుపు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఒక్కొక్కరికీ దారి ఇస్తున్నట్టు... తలూపుతూ.

“అమ్మా... తలుపు వెయ్యి.”

“ఉండవే,” అంది అమ్మ, గడప మీదికి వంగి చెయ్యి చాస్తూ. “ఆ చంటిదాన్ని కూడా రానీ.”