తోమేసిన గాజు పలక

ఆ పొద్దున వంటింటి కిటికీలోంచి చలిగాలి రావడం లేదని ఫొటోగ్రాఫరు గమనించాడు. పగిలిన అద్దం చోట కొత్తది తళతళలాడుతోంది. దాని కొలత అచ్చం తన కెమెరాలో పెట్టే గాజు పలకలదే.

"ఇదెక్కడిదే?"

"మీ గదిలోదే. నల్లగా మసిబారి ఉంటే వేణ్ణీళ్ళూ సోడా వేసి తోమాను. ఎలా మెరుస్తోందో చూశారా?" అంది భార్య. మెచ్చుకుంటాడనే ఆశపడింది పాపం.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అది పాత గంటస్తంభం వీధి బొమ్మ ఉన్న పలక. స్తంభాన్ని కిందటేడే కూలగొట్టారు. ఆ బొమ్మనింకా కాగితం మీదికి ఎక్కించనేలేదు, మళ్ళీ తీద్దామన్నా అక్కడేమీ లేదు. పాత కట్టడాల బొమ్మల్ని పుస్తకంగా వేస్తామని గ్రంథాలయం వాళ్ళు ఎల్లుండే వస్తున్నారు.

"ఇరవయ్యేళ్ళ కష్టాన్ని అంట్లగిన్నెలా తోమేశావు కదే!"

ఆవిడా తగ్గలేదు. "ఎండనక వాననక ఊళ్ళో గోడలన్నీ తీశారు. కట్టుకున్నదాన్ని ఒక్కసారైనా తీశారా? మా అక్కకి చూపించడానికి నాదంటూ ఒక్క బొమ్మ లేదు!"

ఇద్దరి మధ్యా నలిగేది ఎప్పుడూ కూతురే. తండ్రి తీసిన బొమ్మల్ని కాగితం మీదికి ఎక్కించేది ఆ పిల్లే. ఆరిన కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచింది.

"అమ్మా, ఇవెప్పుడైనా సరిగ్గా చూశావా?"

"ఏముంది చూడ్డానికి? సంత వీధిలో కూడా నరపురుగు లేదు."

"నాన్న నూరు లెక్కపెట్టేదాకా కెమెరా మూత తెరిచే ఉంచాలి. ఆలోగా నడిచిపోయేవాళ్ళెవరూ బొమ్మలో పడరు. కదలకుండా నిలబడ్డవాళ్ళే మిగులుతారు. ఇదిగో, ఈ మెట్ల పక్కన. ఇందులోనూ. ఇందులోనూ."

చేతిలో భోజనం డబ్బాతో ఒక ఆడమనిషి. ప్రతి బొమ్మలోనూ ఆవిడే.

"కదిలితే కేకలేస్తారని అలా నిలబడేదాన్ని," అంది తల్లి.

"నువ్వొచ్చి నిలబడందే నేనసలు మూత తీస్తేగా," అన్నాడాయన తల ఎత్తకుండా. "ఉట్టి గోడలు తీయడానికి నాకేం పిచ్చా?"

"ఆ మాట ఒక్కనాడైనా చెప్పొచ్చుగా!" అని కళ్ళు ఒత్తుకుంది. అంతలోనే ఆవిడ మొహం పాలిపోయింది. "నేను తోమేసిన దాంట్లో కూడా ఉన్నానా?"

"ఉన్నావు. అన్నిట్లోకీ అందులోనే నవ్వావు."

ఆవిడ భర్త భుజం మీద తల ఆనించి భోరుమంది. ఆయన కళ్ళూ తడిశాయి.

"ఊరుకో. మొహం కడుక్కుని రా," అన్నాడు మెల్లగా. "ఈసారి మూల కాదు, మధ్యలో నిలబడుదువుగాని."