అరువు నాలుక

"ఊ, కానీ" అంది చారుమతి.

ఎదురుగా కూర్చున్న తోడికోడలు మేధిని తలూపింది. ఇద్దరూ ఒకేసారి ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఇదే తంతు. నాలుకకు అతికించుకునే రుచిపొర వచ్చాక, ఒకరి రుచిని ఇంకొకరు అరువు తెచ్చుకోవడం మామూలైపోయింది. పళ్లూడిన తాతలు జావ తాగుతూ మనవల నోటితో జంతికలు తింటున్నారు. షరతు ఒక్కటే, ఇద్దరూ ఒకే వేళకు నమలాలి.

నిజానికి ఆ పొరను కనిపెట్టింది క్యాన్సర్ రోగుల కోసం. చారుమతికి ఎక్కిస్తున్న కీమో మందు కణితిని బాగానే కరిగిస్తోంది గానీ, మొదటి మోతాదుతోనే నోట్లో రుచిని చంపేసింది. ఏం తిన్నా తుప్పు మేకు చప్పరించినట్టే ఉండేది. తిండి మానేసి పుల్లలా చిక్కిపోయింది. పైగా ఆ ఇంటి ఆవకాయకు ఉప్పు చూసేది ఆమే. మూడో రోజు జాడీలు తిరగకలిపినప్పుడు ఆమె సరేనంటేనే మూతలు పడతాయి. ఇవాళే ఆ మూడో రోజు. ఆ ఉప్పు తప్పితే ఏడాది ఆవకాయ బూజు పట్టిపోతుంది.

తీరా చూస్తే ఇంట్లో ఆమెకు సరిపడిన నాలుక మేధినిది ఒక్కటే! కాపురానికి వచ్చిన నాటి నుంచి తోడికోడలి వంటకు వంక పెట్టకుండా ముద్ద మింగని మేధినిది.

ముద్ద నమిలిన చారుమతికి కళ్లు చెమర్చాయి. ఆవపిండి ఘాటు ముక్కుకెక్కింది. ముక్క పులుపు దవడలు లాగింది. తనది కాని నాలుక మీంచి తన ఆవకాయ తనకు చేరుతోంది. ఎంత వింత!

తలెత్తి చూస్తే మేధిని మొహం వికారంగా ముడుచుకుని ఉంది.

"ఏం, మళ్లీ ఉప్పు చాల్లేదా?" చారుమతికి చిర్రెత్తుకొచ్చింది.

"సరిగ్గా ఉందక్కా."

చారుమతి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట మేధిని నోట ఎన్నడూ వినలేదు. మేధిని నీళ్ల కోసం చెయ్యి చాచింది. స్టీలు గ్లాసు పక్కకు నెట్టి మట్టి ముంత అందుకుంది. మందు మొదలైన కొత్తలో చారుమతి చేసిన పనీ అదే.

"నీ నోరు ఇనుములా ఉందా?"

మేధిని ముంతలోకి చూస్తూ తలూపింది.

"ఎప్పట్నించే?"

"పొర అతికించిన రోజు నుంచీ."

వెంటనే ఎదురుతెర మీద, పొర అతికించిన డాక్టర్ సుకీర్తిని పిలిచారు. ఆవిడ అంతా విని తల అడ్డంగా ఊపింది.

"పొర రుచిని తెస్తుందంతేనండి. మీ తుప్పు ఆవిడ మెదడుకి మోసుకెళ్లేలా మేమెవరం చెయ్యలేదు. అదెలా దారి చేసుకుందో..." అన్న ఆవిడ గొంతులో భయం లేదు, గుళ్లో మాట్లాడినట్టు నెమ్మదిగా ఉంది.

తెర ఆరిపోయింది.

"చెప్పి చావొచ్చుగదే!"

"చెప్తే పొర తీసేస్తావు. మళ్లీ తిండి మానేస్తావు. జాడీల సంగతి సరే, నీ సంగతేంటి?"

"మరి ఉప్పు సరిపోయిందని ఎలా తెలిసింది?"

"నీ మొహం చూశాగా."

చారుమతికి దుఃఖం ముంచుకొచ్చింది. మేధిని వారిస్తున్నా వినకుండా తన నాలుక మీది పొర ఒలిచేసింది. మరుక్షణం నోరంతా తుప్పు. ఆ తుప్పుతోనే ఇంకో ముద్ద కలిపి మేధిని నోటికి అందించింది.

"ఇప్పుడు తిని చెప్పు."

మేధిని కళ్లు మూసుకుని నమిలింది. ఆమె మొహం మెల్లగా విచ్చుకోవడం చారుమతి ఊపిరి బిగబట్టి చూసింది. చివరికి మేధిని కళ్లు తెరిచి, మొహమాటంగా గొణిగింది.

"రవ్వంత తక్కువైందక్కా."

చారుమతి పకపకా నవ్వింది. నవ్వుతూనే ఉప్పు జాడీ ముందుకు లాక్కుని, మేధిని కాపురానికి వచ్చాక మొట్టమొదటిసారి, ఆ మాటకు ఎదురు చెప్పకుండా గుప్పెడు తీసి ఆవకాయలో వేసింది.