ఎండిన మల్బరీ కట్టె

అన్నాల గంట కొట్టకముందే అంబుజాక్షి కడుపు నిండిపోయింది. అన్నంతో కాదు, కుళ్ళుతో.

మరి ఉండదా? "పూసే చెట్టుది ఒకటి, మాను మీద మొలిచేది ఒకటి తెండి. తేడా చూస్తాం" అని ముందురోజే అన్నారు పట్టాభిరామ మేష్ట్రు. ఆమె పొద్దున్నే లేచి ఒడినిండా ఆకాశమల్లి పూలు ఏరుకొచ్చింది. పిల్లలేమో తిమ్మక్క చుట్టూ మూగారు!

తిమ్మక్క వాళ్ళు పట్టుపురుగులు పెంచి, గూళ్ళు శిడ్లఘట్ట పట్టు సంతలో అమ్ముతారు. ఆమె వానకు నానిన పాత మల్బరీ కట్టె ఒకటి తెచ్చింది. దాని నిండా గోధుమరంగు పుట్టగొడుగులు, అచ్చం చెవుల్లా.

"అబ్బ, ఎంత మెత్తగుండాది!" అన్నాడు సీనప్ప, తన చెవి తడుముకుంటూ. పూల వాసన ఒక్కరూ చూడలేదు.

"తిమ్మక్కా, మధ్యాహ్నం నువ్వే లేసి దీని సంగతి చెప్పల్లమ్మా" అన్నారు మేష్ట్రు. బడిలో ఏనాడూ నోరు విప్పని తిమ్మక్క మురిసిపోతూ తలూపింది. అంబుజాక్షి కళ్ళలో నిప్పులు పోసుకుంది.

అందరూ అన్నాలకు వెళ్ళగానే ఆ కట్టెను బయట ఎండకు కాలే బండ మీద పెట్టింది. 'చెట్టుకు ఎండ మంచిదేగా!' అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

పిల్లలు తిరిగొచ్చేసరికి చెవులన్నీ మాడిన అప్పడం ముక్కల్లా ముడుచుకుపోయాయి.

"ఎవురు చేసినారు ఇట్ల?" అంది తిమ్మక్క. "ఇంక నేను లేసేదే లేదు." మోకాళ్ళలో తల దాచుకుని ఏడ్చింది.

అంబుజాక్షి కోరుకున్నది ఇదే. అయినా సంతోషం రాలేదు, భయమేసింది. కట్టె తీసుకుని బావి దగ్గరికి పరుగెత్తి, నీళ్ళ తొట్టిలో ముంచి పట్టుకుంది. చేతులు లాగుతున్నా వదల్లేదు. కాసేపటికి ఒక చెవి అంచు విచ్చుకుంది. తర్వాత ఇంకొకటి.

చెవులు మెత్తబడిన కట్టెను తెచ్చి తిమ్మక్క ఒళ్ళో పెట్టింది. మేష్ట్రు పిలిచారు. తిమ్మక్క కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఆకాశమల్లికి ఎండ కావల్ల. దీనికి సచ్చిన మాను కావల్ల, తడి కావల్ల. ఎండితే..." అని ఆగిపోయింది. అందరూ తననే చూస్తున్నారు. సీనప్ప కిసుక్కున నవ్వాడు.

అంబుజాక్షి లేచి నిలబడింది.

"నేనే ఎండబెడితిని మేష్ట్రే. నా పూలు ఎవురూ చూడలేదని ఓర్వలేకపోతిని. నీళ్ళు తగిలితే మళ్ళా లేసినాది. మిగతాది తిమ్మక్కకే తెలుసు, ఆయమ్మనే చెప్పనీండి."

సీనప్పను ఒక్క చూపు చూసి కూర్చుంది. తిమ్మక్క చెప్పడం మొదలుపెట్టింది.