జవాబు రానివాళ్ళ జాబితా

ఆ ఆఫీసులో మూడో నంబరు గదికి మంచి పేరు లేదు.

విమానాల నుంచి శాటిలైట్ మీదుగా వచ్చే కబుర్లు దించుకునే కేంద్రం అది. మొదటి రెండు గదుల్లో మనుషులుంటారు, టీ తాగుతారు, పనిలో పనిగా ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. మూడో గదిలో మాత్రం ఒక బల్ల, ఒక పాత ప్రింటరు, బల్ల కింద ఒక జత చెప్పులు.

ఆ చెప్పులు పాత గుమాస్తావి. ఆయన సంగతి అక్కడ పనిచేసే ప్రతివాడూ తనే కళ్ళారా చూసినట్టు చెబుతాడు.

అక్కడి పద్ధతి ఏమిటంటే — గాల్లో ఉన్న విమానం గంటసేపు ఏ కబురూ పంపకపోతే కేంద్రం దాన్ని పలకరిస్తుంది. "ఉన్నావా?" అని. విమానంలో బిగించిన చిన్న పెట్టె "ఉన్నాను" అంటుంది. మధ్యలో మనుషుల ప్రమేయం ఏమీ లేదు, రెండు యంత్రాల మర్యాద అంతే. పలకడం మానేసి, ఎక్కడా దిగినట్టు కబురు కూడా లేని విమానం పెట్టె నంబరూ, తుక్కయిపోయిన విమానాల పెట్టెల నంబర్లూ ఒక జాబితాలోకి పోతాయి. ఆ జాబితాలోది ఏదైనా పలికిందా... మూడో గదిలో ప్రింటరు ఒక్క వరుస కొడుతుంది.

ఒక రాత్రి కొట్టింది. ఎవరయ్యా పలికింది అని చూస్తే — రెండేళ్ళ కిందట ముక్కలు కోసి అమ్మేసిన విమానం.

గుమాస్తా వట్టి కాళ్ళతో బయటికొచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు. బదిలీ కాగితం ఇంటికే పంపించారు. చెప్పులు పంపలేదు, వెళ్ళి తెచ్చేవాడు దొరకలేదు.

అలాంటి గదిలో చీకటి పడ్డాక కూర్చోవాల్సిన ఖర్మ ఆ కేంద్రంలో రికార్డులు చూసే ఆవిడకి పట్టింది.

ఎనిమిది రోజుల కిందట సరుకులు మోసే విమానం ఒకటి సముద్రం మీద కనపడకుండా పోయింది. అందులో ఇద్దరు పైలట్లు. చిన్న పైలట్ ఆవిడకి సొంత తమ్ముడు. సొంతవాళ్ళున్న కేసు కాబట్టి ఆ రికార్డులు ముట్టుకోకూడదన్నారు. అవి చదవడం వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి చదవమన్నారు. రెండూ ఒకే ఉత్తర్వులో రాశారు, కింద సంతకం కూడా ఒకటే.

ఆవిడ చదివింది. ఆ రాత్రి ఆ పెట్టె ఆరుసార్లు పలికింది. ఏడోసారి పలకలేదు. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి విమానం శాటిలైట్‌కి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది గానీ, ఏ దిక్కునో తెలీదు. అందుకని ఆవిడ పటం మీద పెద్ద గుండ్రం గీసింది. ఆ గుండ్రం సముద్రంలోంచి పోయిన చోటల్లా ఓడల్ని తిప్పారు. ఒక్క రేకుముక్క దొరకలేదు.

"రేపు తొమ్మిదింటికి ఓడల్ని వెనక్కి పిలిచేస్తున్నామమ్మా," అన్నాడు పెద్దాఫీసరు సాయంత్రం ఇంటికి వెళ్ళబోతూ. "మీరూ మనసు గట్టి చేసుకోండి." అందుకోసమని మర్నాడు ఒంటిపూట సెలవు కూడా ఇచ్చాడు.

ఆవిడ కాగితాలన్నీ చంకన పెట్టుకుని మూడో గదికి వెళ్ళింది. వాచ్‌మన్ గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మం దాటలేదు.

"లైటు ఆర్పకండమ్మా... ఎందుకని మాత్రం అడక్కండి."

"ఎందుకు?"

"అడగొద్దన్నాను కదమ్మా."

ఏడున్నరకి మరదలు ఫోన్ చేసింది. పక్కన పిల్ల నిద్రపోతోందేమో, గొంతు బాగా తగ్గించింది.

"వదినా... ఏమైనా తెలిసిందా?"

"చూస్తున్నానమ్మా."

"ఆయన లేరని ఎవరు చెప్పినా నేను నమ్మను వదినా. మీరు చెబితే నమ్ముతాను."

ఆవిడ ఫోన్ పెట్టేసి, ఆరు వరుసల రికార్డు అరవయ్యోసారి చదివింది. గుండ్రం గీసింది తను. అది తప్పయితే తమ్ముణ్ణి తన చేత్తో ముంచినట్టే కదా అనుకుంది. తప్పు కనపడలేదు.

ఆ కేంద్రంలో ఇంకో అలవాటు ఉంది. పైవాళ్ళు వద్దని నోటీసు అంటించారు, అయినా పోలేదు. డ్యూటీ దిగేవాళ్ళు, పలకని విమానాన్ని ఒక్కసారి చేత్తో నొక్కి పలకరించి పోతారు. ఊరెళ్ళినవాళ్ళ తలుపు తట్టి చూసినట్టు. ఏడు రాత్రులు ఆవిడా నొక్కింది. ఎనిమిదో రాత్రి ఎనిమిదింటికి బ్యాగు సర్దుకుని, నిలబడే నొక్కింది.

ఉన్నావా?

ఫ్యాను చప్పుడు... ఏసీ చప్పుడు...

అప్పుడు — ప్రింటరు కదిలింది.

ఒక్క వరుస. తమ్ముడి విమానం నంబరు. పక్కన, "ఉన్నాను."

ఆవిడ మెల్లిగా కూర్చుంది. కాళ్ళు వాటంతట అవే చెప్పులు వెతుక్కున్నాయి. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. గుమ్మంలోంచి వాచ్‌మన్ మెడ చాచి కాగితం కేసి చూశాడు. ఆ తర్వాత ఆ రాత్రి ఆయన్ని చూసినవాళ్ళు లేరు. గేటు తెల్లవార్లూ బార్లా తెరిచే ఉందంటారు.

మళ్ళీ నొక్కింది. "ఉన్నాను." మళ్ళీ నొక్కింది. "ఉన్నాను."

"ఒరేయ్... నువ్వేనా?" అంది గుసగుసగా.

ఏడుపు తర్వాత ఏడవచ్చనుకుని పెన్సిల్ తీసింది. దూరం లెక్క కట్టింది. ఎనిమిది రోజుల కిందటి ఆరో జవాబు ఎంత దూరం నుంచి వచ్చిందో, సరిగ్గా అంతే. వెంట్రుకవాసి తేడా లేదు. మునిగిన విమానం పలకదు. తేలేది ఒకచోట ఉండదు. అంటే నేల మీద ఉంది. ఈసారి ఆవిడ గుండ్రం వెంట వేలు సముద్రం మీద కాదు, నేల మీద పోనిచ్చింది. కొండలు... ఎడారి... ఒక ఊరు. ఆ ఊళ్ళోనే తమ్ముడి కంపెనీ విమానాల షెడ్డు ఉంది, ఆ కంపెనీకి మిగిలిన రెండో విమానం అందులోనే ఉంది.

షెడ్డుకి ఫోన్ చేసింది. మెకానిక్ ఎత్తాడు.

"మీ రెండో విమానంలో ఇప్పుడెవరైనా కరెంటు వేశారా?"

"నేనేనమ్మా. ఆ గొడవైన దగ్గర్నుంచీ దీనికి తాళం వేసి ఉంచారు. ఇవాళే బ్యాటరీ చూడమన్నారు."

"అందులో శాటిలైట్ పెట్టె మీద నంబరు చదువు బాబూ."

నిచ్చెన జరిపిన చప్పుడు. చదివాడు. తమ్ముడి విమానం నంబరే.

మళ్ళీ చదవమంటే మళ్ళీ అదే చదివాడు.

"పోయిన నెల రెండిట్లోవీ శుభ్రం చేయడానికి విప్పామమ్మా," అన్నాడు. "బిగించేటప్పుడు... అటుది ఇటూ ఇటుది అటూ అయినట్టుంది."

"ఎక్కడా రాయలేదా?"

"తెలిస్తే కదమ్మా రాయడానికి."

అదండీ దెయ్యం. నిచ్చెనెక్కిన మెకానిక్.

ఆవిడకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఆ రాత్రి రెండు విమానాలూ ఒకే చోటినుంచి పది నిమిషాల తేడాలో లేచాయి. రెండోది ఆరో గంటలో క్షేమంగా దిగింది, కరెంటు తీసేశారు, పెట్టె నోరు మూసుకుంది. ఓడలన్నీ ఎనిమిది రోజులుగా వెతుకుతున్నది హాయిగా షెడ్డులో ఉన్న విమానాన్ని.

మరి దాని పెట్టె తమ్ముడి దగ్గరుంది. దాని రికార్డు ఎవరూ తెరవలేదు. నేల మీద భద్రంగా ఉందని రాసుకున్న విమానం పలికితే ఎంత, పలక్కపోతే ఎంత. దాని నంబరు జాబితాలోకీ ఎక్కలేదు.

ఆవిడ తెరిచింది.

ఆ రాత్రి మూడుసార్లు పలికింది. నాలుగోది లేదు. మూడో జవాబు దూరంతో కొత్త గుండ్రం గీస్తే, మూడు గంటల్లో విమానం అందుకోగలిగిన మేరలో అది ఒక్కచోటే పోతోంది — ఓడలు తిరిగిన వైపు కాదు, పూర్తిగా ఇంకో సముద్రం. అక్కడ చిన్న దీవులు కొన్ని. మనుషులుండరు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. రికార్డు మూయబోయింది. కింద ఇంకా వరుసలున్నాయి.

మర్నాడు సాయంత్రం ఆరుంబావుకి పెట్టె పలికింది. నాలుగు నిమిషాలుండి ఆగిపోయింది. ఆ మర్నాడు కూడా ఆరుంబావుకి... నాలుగు నిమిషాలు. ఆ తర్వాతి రోజూ అంతే. దూరం కదల్లేదు.

కరెంటు రాగానే పెట్టె తనే పలుకుతుంది గానీ, రోజూ వేళకి కరెంటు తనంతట తాను రాదు. ఎవరో వాచీ చూసుకుని స్విచ్చి వేయాలి. బ్యాటరీ అయిపోతుందని మళ్ళీ గుర్తుపెట్టుకుని తీసేయాలి. రేడియో విరిగిపోయిందేమో, ఈ ఒక్క దారే మిగిలిందేమో. చూసేవాళ్ళు చూస్తున్నారనుకుని రోజూ వేస్తున్నారు.

అలాంటి వరుసల్లో ఎనిమిదోది ఇవాల్టిది. ఆరుంబావు. ఒక్క నిమిషమే.

ఆవిడ పెద్దాఫీసరు ఇంటికి ఫోన్ కలిపింది.

"సార్, ఓడల్ని ఇప్పుడే తిప్పాలి. ఎటో నేను చెబుతాను. మావాళ్ళు బతికే ఉన్నారు... ఆ బ్యాటరీ రేపటికి రాదు."